చొక్కాల యద్దకమునకు తొలి యంత్రము

(సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



మన పద్మశాలీయ కులమునకు మూలపురుషులని మనము కొలుచు మార్కండేయ మహర్షికిని, భావనాఋషికిని నమస్కరించి నా ప్రసంగము నారంభించుచున్నాను. ఇట్టి మహాసభలయందు విద్యను గూర్చియు, ఐకమత్యమును గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. అట్టి గొప్ప విషయములపై మాటాడు నర్హత నాకు లేదు. నేనొక చిన్న దుకాణదారుడను. టీషర్టుల మీద అక్షరములును బొమ్మలును అద్ది జీవించువాడను. మన సంఘ కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మన పిల్లలు పలువురు ఈ పనిలో దిగవలెనని యువ్విళ్లూరుచున్నారు. వారు మొట్టమొదట నే యంత్రమును కొనవలయునో నాలుగు మాటలు చెప్పుము" అని యాజ్ఞాపించిరి.

విషయము చిన్నదే. కాని యప్పుచేసి తగని యంత్రము నింటికి దెచ్చుకొన్న కుటుంబమునకు అది చిన్న విషయము గాదు. ఆ తప్పును నేను చేసియున్నాను. కావున నాకు తెలిసిన దానిని మఱుగుపుచ్చక చెప్పుట నా విధి యని తలచుచున్నాను.

"నేతవాని బిడ్డకు ఇనుప యంత్రముతో చొక్కాలపై బొమ్మలొత్తు పనియేమి?" అని కొందఱు పెద్దలకు తోచవచ్చును. వారి బాధ నాకు తెలియును. కాని మన వారు మగ్గము విడిచి పోవుట నేటిది గాదు. ఎన్నో తరములుగా తెలంగాణమునుండి మన కుటుంబములు షోలాపురమునకును, భివండికిని, సూరతునకును వలసపోయి మరమగ్గముల మీద బ్రతికినవి. ఊరిలో నున్నవారి స్థితియు మేలుగా నుండలేదు. మగ్గము తమదే యైనను నూలు షావుకారుది, నేసిన గుడ్డ షావుకారుది, మిగిలిన యప్పు మాత్రము నేతగానిది. మన యింట పుట్టిన ప్రతివానికి ఈ కథ తెలియును. కావుననే నేను చెప్పబోవు మాటలయందు యంత్రమును గూర్చి యెంత గలదో, అప్పును గూర్చియు నంత గలదు.

మొదట మన మెత్తుకొన్న గుడ్డ యెట్టిదో తెలిసికొందము. టీషర్టు పడుగుపేకలతో నేసిన గుడ్డ గాదు. ఒకే నూలును ముడులు ముడులుగా నల్లిన యల్లిక గుడ్డ. మన దేశమున ఈ యల్లిక వస్త్రములకు తమిళనాడులోని తిరుప్పూరు పేరుపొందిన కేంద్రము. ఇట్టి గుడ్డ సాగును, మరల ముడుచుకొనును. దానిపై నంటించిన బొమ్మయు దానితో సాగి దానితో ముడుచుకొనవలయును. నేసిన గుడ్డకు సరిపోయినది దీనికి సరిపోవునని తలచుట తొలి పొరపాటు.

ఇక హీట్ ప్రెస్సనగా నేమి? రెండు పలకలు గల యొత్తుడు యంత్రము. క్రింది పలకమీద వేడికోర్చు సిలికాను మెత్త పఱచియుండును. పై పలక అల్యూమినియముది. దానిలోపల విద్యుత్తుచే కాగు తీగ పొదుగబడి యుండును. ఎంత వేడి కావలయునో, ఎన్ని క్షణము లొత్తవలయునో నిర్ణయించుటకు ఒక చిన్న పెట్టెయందు మీటలుండును. ఒత్తిడిని హెచ్చించుటకును తగ్గించుటకును ఒక మర యుండును. ఈ యంత్రము బొమ్మను అచ్చువేయదు. వేఱొకచోట అచ్చై కాగితము మీదనో పొర మీదనో సిద్ధముగా నున్న బొమ్మను గుడ్డకు పట్టించుట మాత్రమే దీని పని. ఈ మాట తెలియక, ప్రెస్సు కొన్నచో బొమ్మలు వాటంతట నవియే వచ్చునని తలచినవారిని నేనెఱుగుదును.

"ఇంటనున్న ఇస్త్రీపెట్టెతో నీ పని జరుగదా?" అని మన సోదరీమణు లడుగుచుందురు. తమ బిడ్డ చొక్కా యొకటి చేసికొనుటకు జరుగవచ్చును. ఇతరులకు ధర గట్టి యమ్ముటకు జరుగదు. ఇస్త్రీపెట్టె యడుగున ఆవిరి రంధ్రము లుండును. అచ్చట వేడి తగులదు. చేతి యొత్తిడి ఒకచోట హెచ్చు, ఒకచోట తక్కువ. ఎన్ని డిగ్రీల వేడి గలదో తెలియదు. ఈ పని యంతయు మూడింటిమీద నిలిచియున్నది: సమమైన వేడి, సమమైన యొత్తిడి, తప్పని కాలము. పడుగు నొకవైపు బిగించి యొకవైపు వదలి నేసిన గుడ్డ యెట్లుండునో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఇదియు నట్టిదే.

యంత్రము నెన్నుకొనుటకు ముందు, దానితో నే విధమైన బొమ్మను పట్టింపదలచితిమో నిర్ణయించుకొనవలయును. వాడుకయందున్నవి ముఖ్యముగా మూడు విధములు.

మొదటిది వినైలు. ఇది రంగు పొర. దీనిని కంప్యూటరుచే నడచు కత్తితో అక్షరములుగా కోసి, అక్కఱలేని భాగమును పెఱికివేసి, గుడ్డపై నుంచి యొత్తుదురు. చొక్కాల వీపుమీద ఆటగాండ్ర పేరులును అంకెలును వేయుటకు ఇది తగినది. సాధారణముగా 150 మొదలు 160 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 10 లేక 15 సెకండ్లు చాలును. పలు రంగుల బొమ్మలకు ఇది తగదు.

రెండవది సబ్లిమేషను. దీని మర్మమును మన కులమువారు తెలిసికొనుట యుక్తము. పెడనలోను మచిలీపట్టణములోను అచ్చు కలంకారీ చేయువారును, శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయువారును గుడ్డను ముందుగా కరక్కాయయు పాలును కలిపిన నీట నానవేయుదురు. పటిక యున్నగాని ఎఱ్ఱ రంగు నూలుపోగును పట్టి నిలువదు. పోగునకును రంగునకును పొత్తు కుదుర్చుటయే యద్దకపు విద్య. పోలియెస్టరు పోగునకు పొత్తు వేఱు. ఆ పోగును 1941లో ఇంగ్లండు దేశమున విన్‌ఫీల్డు, డిక్సను అను నిరువురు రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. వారు పనిచేసినది కాలికో ప్రింటర్స్ అసోసియేషన్ అను గుడ్డల యద్దకపు సంస్థ ప్రయోగశాలలోనే. ఈ పోగునకు తగిన రంగులు 190 మొదలు 200 డిగ్రీల వేడిలో ద్రవముగా మాఱకయే వాయువై, వేడికి సడలిన పోగులోనికి చొచ్చి, చల్లారగనే లోపల చిక్కుకొనిపోవును. కావున నిట్టి బొమ్మ చేతికి తగులదు, ఊడదు, బీటలు వాఱదు. కాని ఇది పోలియెస్టరుకే గాని నూలుగుడ్డకు పనికిరాదు. నూలుగుడ్డపై నొత్తిన నాడు రంగు కనబడినను ఉతుకుల కది నిలువదు. నల్లని గుడ్డపైని దీని రంగులు తేలవు. గుడ్డ తెలుపైనను లేత రంగైనను ఉండవలయును. ఒత్తు కాలమును ఎక్కువ, సుమారు 45 మొదలు 60 సెకండ్లు.

మూడవది డీటీఎఫ్ అని వాడుకలోనికి వచ్చిన పొర పద్ధతి. గడచిన కొన్ని యేండ్లలోనే యిది మన పట్టణములందు విస్తరించినది. పలుచని పొరమీద రంగులతో బొమ్మను, దానిపై తెల్లని సిరాను అచ్చువేసి, జిగురుపొడి చల్లి, కాచి సిద్ధము చేయుదురు. దానిని గుడ్డపై బోరగిలవేసి 140 మొదలు 160 డిగ్రీల వేడిలో 10 లేక 15 సెకండ్లొత్తి, పొరను పెఱికి, మరల కొన్ని క్షణము లొత్తవలయును. కొన్ని పొరలను వేడిగా నున్నప్పుడే పెఱుకవలయును, కొన్నిటిని చల్లారిన పిదప పెఱుకవలయును. అమ్మువాని నడిగి తెలిసికొనుట మేలు. ఇది నూలుకును పోలియెస్టరుకును, తెలుపునకును నలుపునకును పనికివచ్చును. రంగు పోలియెస్టరు గుడ్డపై మాత్రము వేడిని తగ్గింపవలయును. లేనిచో గుడ్డలోని రంగు పైకి ప్రాకి తెల్లని బొమ్మ మాసిపోవును.

ఈ మూటియందు క్రొత్తగా ప్రారంభించువానికి నా సలహా యిది. డీటీఎఫ్ అచ్చు యంత్రమును కొనవలదు. దానియందలి తెల్లని సిరా ప్రతిదినము కదలుచుండనిచో అడుగున పేరుకొని సూక్ష్మరంధ్రములు మూసికొనును. గిరాకీ లేని దినమున కూడ దానికి సేవ చేయవలయును. పొరలను మీటరు లెక్కను అచ్చువేసి యిచ్చువారు పట్టణములందు గలరు. వారియొద్ద కొని తెచ్చి, మన యింట నొత్తుకొనుడు. అప్పుడు మనము కొనవలసిన యంత్రము ఒక్కటే: మంచి ప్రెస్సు.

ఇక ప్రెస్సుల రూపములను గూర్చి. ఆలుచిప్పవలె వెనుక కీలుమీద నోరు తెఱచునది యొక రకము. దానిని వర్తకులు క్లామ్‌షెల్ అందురు. తక్కువ చోటు పట్టును, వెల తక్కువ, చేయి త్వరగా సాగును. పలుచని చొక్కాలకు మిక్కిలి తగినది. కాని మందమైన వస్తువు పెట్టినచో వెనుక వైపు ముందుగా బిగిసి, ముందువైపు వదులుగా నుండును. రెండవ రకమున పై పలక ప్రక్కకు తిరుగును. దీనిని స్వింగ్ అవే యందురు. పలక నిలువుగా దిగును గావున మందమైన వానికిని ఒత్తిడి సమముగా నుండును, చేయి పలక క్రింద పెట్టవలసిన భయమును లేదు. కాని ప్రక్కన ఖాళీస్థలము కావలయును. మూడవ రకమున క్రింది పలక సొరుగువలె ముందుకు వచ్చును. ఇది చేతికి క్షేమకరము, వెల కొంచెము హెచ్చు. ఇవి గాక, కాలము పూర్తికాగానే తనంతట తెఱచుకొనునవియు, గాలి యొత్తిడితో పనిచేయునవియు గలవు. గాలి యంత్రమునకు వేఱుగ కంప్రెసరు కావలయును. తొలి యంత్రముగా దానిని కొనుట పెండ్లికి ముందే ఉయ్యాల కొనినట్లు.

దినమునకు రెండువందల చొక్కాల పని యున్నప్పుడు గదా వేగము చూచుకొనవలసినది! చేతి ప్రెస్సుపై చొక్కా పఱచి, ఒత్తి, పొర పెఱికి, మరల నొత్తుటకు రెండు నిమిషములనుకొన్నను గంటకు ముప్పది చొక్కాలగును. క్రొత్తవానికి కొఱత యంత్రపు వేగము గాదు, గిరాకీ.

కొలతల విషయము. 15 అంగుళముల చతురపు పలకయు, 16కు 20 అంగుళముల పలకయు, 16కు 24 అంగుళముల పలకయు అంగళ్లలో లభించును. 9కి 12 అంగుళముల చిన్న పలక బిడ్డల చొక్కాలకు చాలును గాని పెద్దవారి వీపుమీద బొమ్మకు చాలదు. మొదటివానికి 15 అంగుళముల చతురము చాలునని నా యనుభవము. రొమ్ము, వీపు మొత్తము నిండు పెద్ద బొమ్మలు వేయదలచినవారు 16కు 20 అంగుళముల పలకను చూచుకొనవచ్చును. పలక పెరిగినకొలది విద్యుత్తును, బరువును, అంచులయందు వేడి తగ్గు భయమును పెరుగును.

విద్యుత్తు మాట మఱవరాదు. 15 అంగుళముల ప్రెస్సు లనేకము సుమారు 1,800 వాట్లు తీసికొనును. 230 వోల్టుల వద్ద నది 7.8 ఆంపియర్లు. ఇంటియందు దీపములకును ఫ్యానులకును పెట్టిన 6 ఆంపియర్ల సాకెట్టుకు దీనిని తగిలించుట ప్రమాదకరము. 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిన లావు తీగ, సరియైన ఎర్తు ఉండవలయును. అద్దె యింట నున్నవారు యజమాని యనుమతిని ముందుగా పొందుడు. పలక 200 డిగ్రీల వఱకు కాగును గావున పసిబిడ్డలు తిరుగు చోట దానిని పెట్టవలదు. పొరలు కాగునపుడు వాసన పుట్టును, కిటికీ తెఱచియుంచుడు.

ఇప్పుడు నా తప్పును చెప్పెదను. నేనీ పనిలో దిగిన దినములలో ఒక వర్తకుడు నాకొక యంత్రమును చూపి, "ఇది యొకటే కొనుడు. చొక్కాలు, కాఫీకప్పులు, పళ్లెములు, టోపీలు, ఎనిమిది పనులు చేయును" అని నచ్చజెప్పెను. ఎనిమిది పనుల యాశతో నేను దానిని కొంటిని. ఒక కళాశాల క్రికెట్టు జట్టువారు అరువది చొక్కాలకు పేరులును అంకెలును వేయుమని బేరమిచ్చిరి. వేసి యిచ్చితిని. పక్షము తిరుగకముందే ఇరువదికి పైగా చొక్కాలు నా దుకాణమునకు తిరిగివచ్చినవి. అక్షరములు లేచిపోవుచున్నవి. నేను వినైలు నమ్మినవానిని నిందించితిని. తరువాత గుడ్డను నిందించితిని. చివరకు వేడినీట నుతికిరని ఆ విద్యార్థులను నిందించితిని.

ఆ సాయంకాలము నా తండ్రిగారు దుకాణమునకు వచ్చిరి. ఆయన నలువది యేండ్లు గుంటమగ్గము మీద కూర్చున్నవారు. కంప్యూటరు ఎఱుగరు, వినైలు ఎఱుగరు. ఆ చొక్కాలను బల్లమీద వరుసగా పఱపించి, కండ్లద్దములు సవరించుకొని, చాలసేపు చూచి యిట్లనిరి: "నాయనా, అన్నిటికిని ఎడమవైపు క్రింది మూలనే ఊడినది. తప్పు గుడ్డలో నున్నచో ఒక్కొక్కదానికి ఒక్కొక్కచోట ఊడును. ఒకేచోట ఊడినదనిన తప్పు మగ్గములో నున్నది."

ఆ రాత్రి యంత్రమును చల్లార్చి, నాలుగు మూలలందు నాలుగు కాగితపు ముక్కలుంచి మూసి లాగి చూచితిని. మూడు బిగువుగా నున్నవి. ఎడమ క్రింది మూలనున్నది వెన్నలోని వెండ్రుకవలె వచ్చినది. మఱునాడు వేడి కొలిచి చూడగా ఆ మూలను ఇరువది డిగ్రీలు తక్కువ. ఎనిమిది పనుల కొఱకు అటునిటు త్రిప్పుటకు వీలుగా చేసిన సన్నని చేయి వంగిపోయి పలక ఒరిగియున్నది. తిరిగివచ్చిన చొక్కాలకు బదులు క్రొత్తవి నా చేతి సొమ్ముతో చేసి యిచ్చితిని. ఆ నష్టము తీఱుటకు నాకేడు నెలలు పట్టినది. ఆ యంత్రముమీద కప్పులును పళ్లెములును నేనెన్ని చేసితినని యడిగిన, ఇంటివారికిచ్చిన రెండు కప్పులు దప్ప వేఱు లేవు.

కావున యంత్రమును కొనబోవువారు చేయవలసిన పరీక్షలను వరుసగా చెప్పుచున్నాను.

ఒకటి: చల్లగా నున్నప్పుడు నాలుగు మూలలను నడుమను కాగితపు ముక్కలుంచి మూసి లాగి చూడుడు. అన్నియు నొకే బిగువున నుండవలయును.

రెండు: 160 డిగ్రీలకు పెట్టి, ఇరువది నిమిషములు కాగనిచ్చి, తొమ్మిది చోట్ల వేడిని కొలువుడు. ఐదు డిగ్రీలకంటె హెచ్చు భేద మున్నచో వదలివేయుడు. దూరమునుండి కిరణములతో కొలుచు సాధనము నిగనిగలాడు లోహముమీద తప్పు చెప్పును. పలకను తాకి కొలుచు సాధనమే మేలు.

మూడు: వరుసగా పది చల్లని గుడ్డల నొత్తి చూడుడు. ప్రతి గుడ్డయు పలక వేడిని త్రాగును. మరల త్వరగా వేడి పుంజుకొనని యంత్రము పదవ చొక్కాకు ద్రోహము చేయును.

నాలుగు: యంత్రపు గడియారమును మీ చేతి గడియారముతో సరిచూడుడు.

ఐదు: మీ చొక్కాను, మీ పొరను తీసికొనిపోయి వర్తకుని యెదుటనే యొత్తింపుడు. ఒకదినము ఆగి, లోపలి వైపు పైకి త్రిప్పి, ఐదాఱు సార్లు ఉతికి చూచిన తరువాతనే సొమ్ము చెల్లింపుడు. దీని కొప్పుకొనని వర్తకుని వద్ద కొనకుడు.

ఆఱు: కాగు తీగ, సిలికాను మెత్త, వేడిని అదుపుచేయు పెట్టె చెడినచో విడిగా దొఱకునా, ఎవరు బాగుచేయుదురు, ఎన్నాళ్లలో చేయుదురు అను ప్రశ్నలకు సమాధానమును కాగితముమీద వ్రాయించుకొనుడు.

యంత్రము మంచిదైనను చేయువాని శ్రద్ధ లేక ఫలము రాదు. బొమ్మ పెట్టుటకు ముందు వట్టి చొక్కాను ఐదు క్షణము లొత్తి దానిలోని తేమను పోగొట్టవలయును. వానకాలమున నిది మఱి ముఖ్యము. మెడపట్టీ, కుట్టు, బొత్తాము పలకల నడుమ పడినచో వాని యెత్తు పలకను పైకి నిలిపి బొమ్మకు ఒత్తిడి తగులనీయదు. వానిని పలక అంచున వ్రేలాడనిచ్చుటయో, బొమ్మ క్రింద మెత్త పెట్టుటయో చేయవలయును.

ఇక జమాఖర్చులు. లెక్క చూపుటకు మాత్రమే కొన్ని యంకెలను చెప్పుచున్నాను, మీ యూరి ధరలను వేసికొనుడు. వట్టి చొక్కా 150 రూపాయలు, పొర 40, విద్యుత్తు, సంచి, ఇతరములు 15 అనుకొందము. మొత్తము 205. దానిని 260 రూపాయల కమ్మిన మిగులునది 55. యంత్రము వెల 16,500 రూపాయలైనచో 300 చొక్కాలమ్మిన పిదప గాని దాని వెల తిరిగిరాదు. నెలకు ఏబది చొక్కాలమ్ము వానికి ఆఱు నెలలు. ఒక్క చొక్కా చెడినచో చొక్కాయు పొరయు కలిసి 190 రూపాయలు పోవును. అనగా మూడు నాలుగు మంచి చొక్కాల లాభము నశించును. చౌక యంత్రము చేయు చెఱుపు ఇచ్చట తెలియును. ఈ లెక్కను కాగితముమీద వేయకుండ యంత్రపు దుకాణమునకు పోవలదు.

అప్పు తప్పనిసరి యైనచో వడ్డీవ్యాపారి గుమ్మము త్రొక్కకుడు. 2015లో కేంద్రప్రభుత్వము వారు ప్రారంభించిన ముద్రా యోజనయందు 'శిశు' అను తరగతి క్రింద 50,000 రూపాయల వఱకు తాకట్టు లేకుండ బ్యాంకులు ఋణమీయవచ్చును. కాని ఋణము దొఱకునని పెద్ద యంత్రమును కొనుట వివేకము గాదు. తొలి ఇరువది చొక్కాలకు గిరాకీ యెవరో పేరులు వ్రాసికొన్న తరువాతనే ఋణపత్రముపై చేవ్రాలు చేయుడు. సినిమా నటుల బొమ్మలను, పెద్ద కంపెనీల గుర్తులను వారి యనుమతి లేక అద్ది యమ్ముట చట్టవిరుద్ధము. ఆ సులభమార్గమున పోయి మన పేరు చెడగొట్టుకొనరాదు. మన యూరి పాఠశాల, మన యూరి యాటగాండ్రు, మన యూరి జాతర, ఇవియే మన గిరాకీ.

చివరకు ఈ మహాసభవారికి ఒక విన్నపము. మన కుఱ్ఱవాండ్రు పదిమంది పది యంత్రములు కొని, అందు ఆఱుగురు ఏడాదిలోపల వానిని సగము వెల కమ్ముకొనుటకంటె, మన సంఘభవనమున నొక గదియందు ఒక మంచి ప్రెస్సును నిలుపుట మేలు గాదా? ఈ పనియం దాసక్తి గలవారు, యువకులేమి, ఇంటిపట్టున నుండు మన స్త్రీలేమి, తమ చొక్కాలను పొరలను తెచ్చుకొని, చొక్కాకింత యని స్వల్పరుసుము చెల్లించి, మూడు నెలలు అచ్చట పని చేసికొందురు గాక. గిరాకీ నిలిచినవారు తరువాత తమ సొంత యంత్రమును కొందురు. నిలువనివారు అప్పు లేకుండ ఇంటికి పోవుదురు. వారమునకు రెండు సాయంకాలములు వచ్చి పని నేర్పుటకు నేను సిద్ధముగా నున్నాను. దానికి నాకు ప్రతిఫలము వలదు.

పోషకులైన శ్రీమంతులకు వేఱొక మనవి. మీరు మా పిల్లలకు యంత్రములను దానమిచ్చుటకంటె తొలి బేరము నిచ్చుట మిక్కిలి యుపకారము. మీ మిల్లులందు, దుకాణములందు, విద్యాలయములందు పనివారికిని విద్యార్థులకును చొక్కాలు కావలసినపుడు మా వారి నొకసారి యడుగుడు. పని బాగుండనిచో సొమ్ము ఈయకుడు. వచ్చు సంవత్సరపు మహాసభలో స్వచ్ఛందసేవకులు ధరించు చొక్కాలు ఆ సంఘభవనపు ప్రెస్సుమీద, మన బిడ్డల చేతులతో అద్దినవై యుండవలయునని నా కోరిక. అప్పుడు నా తండ్రిగారిని మొదటి వరుసలో కూర్చుండబెట్టి, ఆ చొక్కాలను నాలుగు మూలలును చూపించెదను. ఆయన తప్పు పట్టనిచో పని బాగున్నదని నమ్మవచ్చును.